నెల్లూరు ఎండలో హైబ్రిడ్ కారు

హైబ్రిడ్ కారులో వేడెక్కే వస్తువులు ముఖ్యంగా మూడు: పెట్రోలు ఇంజను, బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చి పంపే ఇన్వర్టరు, బ్యాటరీ. మూడింటి ఓర్పూ మూడు రకాలు. చుట్టూ తిరిగే నీళ్ళు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటేనే ఇంజను సక్రమంగా నడుస్తుంది. ఇన్వర్టరును చల్లబరిచే నీళ్ళు 65 డిగ్రీల చుట్టుపక్కలే ఆగాలి. బ్యాటరీ ఒంటితీరు మాత్రం మనిషిదే. 20 నుంచి 35 డిగ్రీల మధ్య సుఖంగా ఉంటుంది. 40 దాటితే ఆయుష్షు తరగడం మొదలవుతుంది. 50 దాటితే పనికే మొరాయిస్తుంది. ఎండాకాలంలో హైబ్రిడ్ కారు పడే పాట్లలో ఎక్కువ భాగం ఈ మూడో వస్తువును కాపాడుకోవడానికే.

నెల్లూరు నుంచి మైపాడు తీరం సుమారు పాతిక కిలోమీటర్లు. రోహిణి కార్తె వచ్చిందంటే ఆ దగ్గరితనం పెద్దగా అక్కరకు రాదు. వెలిగొండల మీదుగా వచ్చే పడమటి గాలి కిందికి దిగేకొద్దీ ఇంకా వేడెక్కి, ఎండిపోయి, సముద్రపు గాలిని మధ్యాహ్నం దాకా ఒడ్డునే ఆపేస్తుంది. నైరుతి రుతుపవనాలు ఇక్కడ పలచన. పెద్ద వానలకు అక్టోబరు, నవంబరు దాకా ఆగాల్సిందే కాబట్టి జూన్‌లోనూ వడగాడ్పు వదలదు. కోస్తా కేంద్రాల్లో ఉష్ణోగ్రత 37 డిగ్రీలు చేరి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే భారత వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా లెక్కిస్తుంది. మైదాన ప్రాంతాలకైతే ఆ గీత 40 దగ్గర ఉంది. నెల్లూరులో మే నెల మధ్యాహ్నాలు ఆ రెండు గీతలనూ దాటి 42, 44 డిగ్రీలకు చేరడం కొత్తేమీ కాదు. తారురోడ్డును ఆనుకుని ఉండే గాలి అంతకన్నా వేడి.

పల్లానికి నీళ్ళు పారినట్టు, వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికే పారుతుంది. వాలు ఎంత ఉంటే పారుదల అంత జోరు. డిసెంబరులో బయట 25 డిగ్రీలున్న రోజు ఇంజను నీళ్ళకూ బయటిగాలికీ తేడా 65 డిగ్రీలు. మే నెలలో బయట 44 ఉన్నప్పుడు ఆ తేడా 46. తగ్గినా ఇంకా బోలెడంత వాలు మిగిలే ఉంది. ఇన్వర్టరుకు 40 డిగ్రీల తేడా కాస్తా 21కి పడిపోతుంది, అంటే దాని రేడియేటరు బలం దాదాపు సగం పోయినట్టే. ఇన్వర్టరుకు విడిగా నీళ్ళు, విడిగా పంపు పెట్టేది ఇందుకే. ఇంజను నీళ్ళతో కలిపేస్తే లోపలి సిలికాన్ బిళ్ళలు 90 డిగ్రీల నీళ్ళ మధ్య ఉండాల్సి వచ్చేది. ఇక 40 డిగ్రీల దగ్గర ఆపాల్సిన బ్యాటరీకి వచ్చేసరికి లెక్కే తిరగబడుతుంది. 40లోంచి 44 తీసేస్తే మిగిలేది ఎదురువాలు. ఎంత పెద్ద ఫ్యాను పెట్టి బయటిగాలిని ఊదినా బ్యాటరీ చల్లబడదు సరికదా, ఇంకా వేడెక్కుతుంది. అంతకన్నా చల్లనిగాలి కారులో ఒక్కచోటే దొరుకుతుంది. అది మనుషులు కూర్చునే చోటు.

తయారీదారులు పట్టుకున్న కిటుకు ఇదే. 2003లో వచ్చిన రెండో తరం టొయోటా ప్రియస్‌లో వెనక సీటు అంచున చిన్న జాలీ ఉండేది. దాని వెనక ఉన్న ఫ్యాను లోపలి ఏసీ గాలిని పీల్చి, సీటు వెనకున్న బ్యాటరీ పలకల సందుల్లోంచి పంపేది. ప్రయాణికులు పీల్చే గాలినే బ్యాటరీ కూడా పీల్చుకునేదన్నమాట. చోటు అటూ ఇటూ మారినా, నేడు మన దగ్గర తిరిగే హైబ్రిడ్‌లలోనూ ఈ పద్ధతే ఎక్కువ. బ్యాటరీని గాలికి కూడా నోచుకోనివ్వకుండా వదిలేస్తే ఏమవుతుందో 2012లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో తేలింది. ఆ ఎడారి ఎండకు నిస్సాన్ లీఫ్ అనే పూర్తి విద్యుత్ కారులో బ్యాటరీ సామర్థ్యం ఆశించినదానికన్నా చాలా త్వరగా తరిగిపోయిందని యజమానులు గోల పెట్టారు. దాని బ్యాటరీకి ఫ్యానూ లేదు, నీళ్ళూ లేవు.

బ్యాటరీ బాగోగులు ఏసీ మీద ఆధారపడ్డాయంటే ఏసీ ఆగకూడదు. చిక్కంతా అక్కడే వచ్చింది. మామూలు కారులో ఏసీ కంప్రెసరును ఇంజను బెల్టు తిప్పుతుంది, ఇంజను ఆగితే అదీ ఆగుతుంది. హైబ్రిడ్ పెట్రోలు పొదుపు చేసే దారుల్లో ఒకటి నిలబడ్డచోట ఇంజను ఆపడం. నెల్లూరు వి.ఆర్.సి. సెంటరులో మిట్టమధ్యాహ్నం కారు ఆగితే పొదుపు ఇంజను ఆపమంటుంది, చల్లదనం నడపమంటుంది. మొదటి తరం ప్రియస్‌లో బెల్టే ఉండేది కాబట్టి ఎండ ఎక్కువైనప్పుడు పొదుపు ఓడిపోయేది.

ఈ చిక్కును రెండు జపాన్ కంపెనీలు రెండు రకాలుగా విప్పాయి. హోండా రెండూ కావాలనుకుంది. ఒకే పెట్టెలో రెండు కంప్రెసర్లు పెట్టి, పెద్దదాన్ని బెల్టుకూ చిన్నదాన్ని విద్యుత్ మోటారుకూ తగిలించింది. ఇంజను నడిచేటప్పుడు పెద్దది, ఆగినప్పుడు చిన్నది, ఎండ మరీ ముదిరితే రెండూ. 2008లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన సివిక్ హైబ్రిడ్‌లో ఉన్నది ఈ జంట యంత్రమే. టొయోటా 2003లోనే బెల్టును పూర్తిగా వదిలేసి, పెద్ద బ్యాటరీ కరెంటుతో నడిచే ఒకే కంప్రెసరు పెట్టింది. హోండా పద్ధతిలో జాగ్రత్త ఎక్కువ, టొయోటా పద్ధతిలో తెగింపు ఎక్కువ. చివరికి తెగింపే నెగ్గింది. హోండా సిటీ హైబ్రిడ్‌లో కూడా ఇప్పుడున్నది విద్యుత్ కంప్రెసరే.

దాని లోపలి అమరిక ఎంత చూసినా తనివి తీరనిది. దాన్ని స్క్రోల్ అంటారు. రెండు లోహపు పళ్ళేలు, ఒక్కోదాని మీద జిలేబీ చుట్టలా లేచిన నిలువు గోడ. ఒక చుట్టను ఇంకో చుట్ట సందుల్లోకి బోర్లిస్తారు. ఒకటి కదలదు. రెండోది తన చుట్టూ తాను తిరగకుండా చిన్న వలయంలో జరుగుతూ ఉంటుంది. సానరాయి మీద గంధం తీసేటప్పుడు చేతిలోని చెక్క కదిలేది సరిగ్గా ఇలాగే. చెక్క రాయి మీద గుండ్రంగా జరుగుతుందే తప్ప దాని ముఖం ఎటున్నది అటే ఉంటుంది. ఇలా జరుగుతున్నప్పుడు రెండు గోడలూ కొన్నిచోట్ల ఆనుకుంటాయి, ఆనుకున్న చోట్ల నడుమ నెలవంక ఆకారంలో గదులు ఏర్పడతాయి. వెలుపలి అంచున గది తెరుచుకున్నప్పుడు గ్యాస్ లోపలికి వస్తుంది. పళ్ళెం కాస్త జరిగేసరికి ఆ గది మూసుకుని, చుట్ట వెంబడి నడిమికి పాకుతూ, పాకేకొద్దీ ఇరుకవుతుంది. గ్యాస్ నలిగి, పీడనం పెరిగి, నట్టనడుమ ఉన్న రంధ్రంలోంచి బయటపడుతుంది. ఒక నెలవంక మధ్యకు చేరేలోపే బయటి అంచున మరొకటి పుడుతుంది. పిస్టన్‌లా ముందుకూ వెనక్కూ కొట్టుకోవడం లేదు కాబట్టి అదురూ చప్పుడూ తక్కువ. ఇంజను ఆగిపోయి నిశ్శబ్దంగా ఉన్న కారులో ఇది చిన్న సుగుణం కాదు.

ఫ్రాన్సుకు చెందిన లియోన్ క్రూ ఈ ఊహకు 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. ఆ గోడల మధ్య సందు వెంట్రుక మందం కన్నా సన్నగా ఉండాలి, లేకపోతే గ్యాస్ వెనక్కి కారిపోతుంది. లోహాన్ని అంత నిక్కచ్చిగా చెక్కే యంత్రాలు వచ్చేదాకా ఊహ కాగితం మీదే ఉండిపోయి, 1980ల తొలినాళ్ళలో జపాన్ కర్మాగారాల్లో ప్రాణం పోసుకుంది. హైబ్రిడ్‌లో మోటారు, స్క్రోల్ ఒకే మూసిన పెట్టెలో ఉంటాయి. లోపలికి వచ్చే చల్లని గ్యాస్ ముందు మోటారు తీగచుట్టల మీదుగా పోయి వాటిని చల్లబరిచి, ఆ తర్వాతే స్క్రోల్ చుట్టల మధ్యకు చేరుతుంది. ఇంజను వేగంతో దీనికి సంబంధం లేదు. బెల్టు కంప్రెసరు నిలబడ్డ కారులో నీరసంగా తిరిగితే, ఇది నిలబడ్డా పరుగెత్తినా అవసరమైనంత వేగంతోనే తిరుగుతుంది.

దీనికయ్యే కరెంటు ఖర్చు ఎంత? హైరైడర్, గ్రాండ్ విటారా అనే కార్ల హైబ్రిడ్ రకాల్లో ఉన్న లిథియం బ్యాటరీ మొత్తం సామర్థ్యం 0.76 యూనిట్లు. బ్యాటరీ పూర్తిగా నిండకుండా, పూర్తిగా ఖాళీ కాకుండా కారు కంప్యూటరు మధ్య భాగాన్నే వాడుతుంది. అందులో మూడో వంతు చేతికి వస్తుందనుకుంటే పావు యూనిట్. ఎండలో ఓ గంట నిలిపిన కారు లోపల బయటికన్నా 20 డిగ్రీలు పెరిగి 60 దాటుతుంది. ఆ వేడిని దించడానికి కంప్రెసరు 2 కిలోవాట్లు తీసుకుంటే ఆ పావు యూనిట్ ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది. లోపల చల్లబడి 1 కిలోవాట్ సరిపోతున్నప్పుడైతే పావుగంట వస్తుంది. ఆ తర్వాత ఇంజను తనంతట తాను లేచి బ్యాటరీని నింపి మళ్ళీ ఆగుతుంది. నిలబడ్డ కారులో ఇంజను హఠాత్తుగా లేవడం జబ్బు లక్షణం కాదు. కారు వెనక హైబ్రిడ్ అని రాసి ఉన్నంత మాత్రాన ఈ ఏర్పాటు ఉంటుందనుకోకూడదు. 2015 నుంచి సియాజ్ వంటి కార్లలో వచ్చిన స్వల్ప (మైల్డ్) హైబ్రిడ్‌లలో కంప్రెసరు ఇంకా బెల్టుకే వేలాడుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగితే కాసేపటికే వెచ్చనిగాలి మొదలవుతుంది.

బ్యాటరీల్లోనూ రెండు రకాలు ఉన్నాయి. హైరైడర్‌ది లిథియం అయాన్ అయితే, తిరుమల దారిలో విరివిగా కనిపించే ఇన్నోవా హైక్రాస్‌ది నికెల్ మెటల్ హైడ్రైడ్. రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రతతో ఎలా పెరుగుతుందో స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ 1889లో సూత్రం కట్టాడు. పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం సుమారు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో వాడుక లెక్క. అక్కర్లేని చర్యలకూ ఇదే వర్తిస్తుంది. లిథియం బ్యాటరీలో రుణధ్రువం మీద పేరుకునే సన్నని పొర వేడికి మందమవుతూ లిథియాన్ని మింగేస్తుంది, ఆ నష్టం తిరిగి రాదు. నికెల్ బ్యాటరీలో వేడి ఎక్కువైతే ఎక్కించిన కరెంటులో కొంత ఆక్సిజన్ పుట్టించడానికే పోతుంది. ఆ ఆక్సిజన్ లోపలే మళ్ళీ కలిసిపోతూ ఇంకాస్త వేడి పుట్టిస్తుంది. మొరటు వాడకానికి నికెల్‌ది గట్టి ప్రాణం, కానీ అదే కరెంటును నిలువ చేయడానికి బరువు ఎక్కువ మోయాలి.

బ్యాటరీకి బయటి వేడి ఒకటే శత్రువు కాదు. కరెంటు వచ్చినా పోయినా లోపల వేడి పుడుతుంది, కరెంటు రెట్టింపైతే ఆ వేడి నాలుగింతలు. కావలి నుంచి సూళ్ళూరుపేట దాకా 16వ నంబరు జాతీయ రహదారి చదునుగా సాగిపోతుంది. ఒకే వేగంతో పోయే కారులో బ్యాటరీకి పని తక్కువ. ఊరి ట్రాఫిక్కులో ఆగుతూ కదులుతూ పోయేటప్పుడే అది అలసిపోతుంది. అన్నిటికన్నా కఠిన పరీక్ష తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డు. మనుషులతో కలిపి 1,500 కిలోల కారు సుమారు 700 మీటర్లు దిగితే వదిలే శక్తి దాదాపు 2.9 యూనిట్లు. బ్యాటరీ పట్టేది అందులో చిన్న భాగమే. కొన్ని మలుపుల్లోనే అది నిండిపోయి, వేడెక్కి, ఇక చాలంటుంది. అక్కడి నుంచి ఇంజను బ్రేకింగే దిక్కు. టొయోటా కార్లలో గేరు మీటను ‘బి’ లోకి వేయమనేది ఇలాంటి చోటే.

బ్యాటరీలో అమర్చిన ఉష్ణోగ్రత గ్రాహకాలు ఇదంతా కనిపెడుతూనే ఉంటాయి. వేడి పెరిగితే ముందు ఫ్యాను జోరు పెరుగుతుంది, ఆ తర్వాత కంప్యూటరు బ్యాటరీలోకి పోయే కరెంటునూ, వచ్చే కరెంటునూ తగ్గిస్తుంది. మోటారు సాయం తగ్గి ఇంజను ఎక్కువ పనిచేస్తుంది, మైలేజీ పడిపోతుంది. చాలామంది దీన్ని కారు లోపమనుకుంటారు గానీ అది బ్యాటరీ ప్రాణం నిలబెట్టుకునే తీరు.

ఇంజనుకు ఎండ బాధ ఇంత లేదు. హైబ్రిడ్‌లలో ఎక్కువగా వాడేది అట్కిన్సన్ పద్ధతి ఇంజను. దీని మూలం 1882లో ఇంగ్లండుకు చెందిన జేమ్స్ అట్కిన్సన్‌ది. పెట్రోలులోని శక్తిలో మామూలు ఇంజను కన్నా ఎక్కువ భాగాన్ని కదలికగా మార్చి, తక్కువ వేడిని రేడియేటరుకు వదులుతుంది. 2015 నాటి నాలుగో తరం ప్రియస్‌లో ఆ దక్షత 40 శాతానికి చేరింది. ప్రియస్ 2010లో మన దేశానికి వచ్చినా ధర వల్ల జనానికి అందలేదు. 2022లో సిటీ, హైరైడర్, గ్రాండ్ విటారా, హైక్రాస్ వరసగా వచ్చాకే హైబ్రిడ్ మామూలు కుటుంబాల వాకిలికి చేరింది.

తీరప్రాంతపు వాడకందారు పట్టించుకోవలసినవి కొన్నే. ఉప్పుగాలి ఏసీ కండెన్సరు రెక్కలను తినేస్తుంది కాబట్టి మైపాడు, కృష్ణపట్నం వైపు తిరిగే కార్ల ముందుభాగాన్ని అప్పుడప్పుడు మంచినీళ్ళతో కడగాలి. ఏసీ గ్యాస్ నింపించేటప్పుడు మెకానిక్‌కు హైబ్రిడ్ అని ముందే చెప్పాలి. మోటారు, గ్యాస్ ఒకే పెట్టెలో ఉన్నందున ఈ కంప్రెసరుకు కరెంటును ఆపగల ప్రత్యేకమైన నూనె కావాలి. మామూలు కార్ల నూనె పోస్తే కరెంటు లీకై కంప్రెసరు చెడిపోతుంది. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే ఒక నిమిషం అద్దాలు దించి వేడిగాలిని బయటికి పంపి, ఆ తర్వాత ఏసీ వేయాలి. పెట్రోలు కలిసొస్తుందని ఏసీ ఆపి అద్దాలు దించుకుని పోతే బ్యాటరీకీ ఆ వడగాలే దక్కుతుంది.

ఇక బ్యాటరీ గాలి పీల్చుకునే ఆ జాలీ. సీటు పక్కనో కిందో ఉండే ఆ చిన్న సందును తువ్వాలు, సంచీ, పిల్లల బొమ్మ ఏదైనా మూసేయవచ్చు. దుమ్ముతో దాని వడపోత పూడిపోవచ్చు. మీ కారులో అది ఎక్కడుందో మాన్యువల్‌లో చూసి, వేసవి రాకముందే ఒకసారి శుభ్రం చేయించండి.