మొదట కత్తిని అడుగుతుంది

జోర్క్ అనే కంప్యూటర్ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చిక్కు గుడ్డుది. అడవిలో చెట్టెక్కితే గూట్లో రత్నాలు పొదిగిన గుడ్డు దొరుకుతుంది. దాన్ని తెరవాలి. మన చేతులకి ఆ నేర్పు లేదు, బలవంతం చేస్తే పగిలి లోపలున్న కీ పిట్ట పాడవుతుంది. ఆ లోకంలో అంత నాజూకు పనితనం ఉన్నది ఒక్కడికే, నేలమాళిగల్లో తిరుగుతూ మన సొమ్ము కాజేసే దొంగకి. గుడ్డు వాడి చేతికే అప్పగించాలి. వాడు తీరిగ్గా తెరుస్తాడు, తర్వాత వాడి స్థావరానికి వెళ్లి పోరాడి తెచ్చుకోవాలి. ఇంతసేపూ ఎవణ్ణి తిట్టుకున్నామో వాడి విద్యే మనకి అక్కరకొస్తుందని తట్టగానే నవ్వు ఆగదు. తెరమీద బొమ్మ ఒక్కటీ ఉండదు, అన్నీ అక్షరాలే.

ఈ ఆట పోటీలోంచి పుట్టింది. కెంటకీలోని మామత్ గుహల్లో తిరిగిన విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ ఆ గుహల నమూనా మీద అడ్వెంచర్ అనే ఆట రాశాడు. స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. 1977లో అది అర్పానెట్ మీద ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కి పాకింది. ఎంఐటీలో మార్క్ బ్లాంక్, డేవ్ లెబ్లింగ్, టిమ్ ఆండర్సన్, బ్రూస్ డేనియల్స్ అనే నలుగురు దాని చిక్కులన్నీ విప్పేసి, దాన్ని మించింది రాయాలనుకున్నారు. అడ్వెంచర్‌కి రెండు మాటలే అర్థమయ్యేవి, ఒక క్రియ, ఒక నామవాచకం. జోర్క్‌కి పూర్తి వాక్యం అర్థం కావాలని వాళ్ల పట్టుదల. ఆ పట్టుదల దగ్గరే అసలు యంత్రం మొదలైంది.

ట్రోల్ అనే రాక్షసుణ్ణి కత్తితో కొట్టమని ఇంగ్లీషులో టైప్ చేశామనుకోండి. ప్రోగ్రామ్ వాక్యాన్ని మాటలుగా విడగొట్టి నిఘంటువులో వెతుకుతుంది. ఇంటి కంప్యూటర్లకొచ్చిన జోర్క్ ప్రతి మాటలోనూ మొదటి ఆరు అక్షరాలే చూస్తుంది, మిగతా తోక వదిలేస్తుంది. తర్వాత ఈ క్రియకి ఎన్ని వస్తువులు కావాలో వ్యాకరణ పట్టికలో చూస్తుంది. ఆ వస్తువులు మన చేతిలోనో, గదిలోనో ఉన్నాయా? చూడ్డానికి వెలుతురుందా? దేనితో కొట్టాలో మనం చెప్పకపోతే, సరిపోయే వస్తువు ఒక్కటే ఉంటే తనే తీసుకుని ఆ సంగతి మనకి చెబుతుంది. తేల్చుకోలేకపోతే అడుగుతుంది. అప్పుడు మనం ఒక్క మాట జవాబిస్తే చాలు, పాత వాక్యంలో ఖాళీగా ఉన్న చోట దాన్ని పెట్టుకుంటుంది. 1977లో ఒక యంత్రం మన అసంపూర్ణ వాక్యాన్ని గుర్తుపెట్టుకుని సంభాషణ సాగించడమంటే మాటలు కాదు.

నన్ను కట్టిపడేసేది ఆ తర్వాతి మెట్టు. వాక్యం అర్థమయ్యాక ‘కొట్టు’ అనే క్రియ నేరుగా పని చేసెయ్యదు. ప్రోగ్రామ్ ముందు సాధనాన్ని, అంటే కత్తిని, అడుగుతుంది: దీని గురించి నువ్వేమైనా చెప్పాలా? కత్తికి రాసిన సూచనల్లో ఏమీ లేకపోతే ట్రోల్‌ని అడుగుతుంది. వాడికీ చెప్పేదేమీ లేకపోతే అప్పుడు ‘కొట్టు’ క్రియకున్న మామూలు జవాబు వస్తుంది. కాగితం బల్ల బల్లకీ తిరిగి, సంతకం పెట్టేవాడు దొరికిన చోట ఆగిపోయినట్టు, ఎవరు బాధ్యత తీసుకుంటే అక్కడితో పని ముగుస్తుంది.

హాస్యం కూర్చునే చోటు ఇదే. ట్రోల్‌కి ఏదైనా కానుక ఇచ్చి చూడండి. వాడు మర్యాదగా పుచ్చుకుని తినేస్తాడు! ఆ జోకు ‘ఇవ్వు’ అనే క్రియలో లేదు, ట్రోల్‌కే అంటిపెట్టుకుని ఉంది. ‘ఇవ్వు’ రాసినవాడికి ఈ ట్రోల్ తిండిపోతని తెలియనక్కర్లేదు. ప్రతి వస్తువుకీ తన గురించి తనే మాట్లాడే హక్కుంది కాబట్టి, నాలుగురోజుల తర్వాత కొత్త చమత్కారం తోస్తే పాత ప్రోగ్రామ్‌ని కదపకుండా ఆ వస్తువుకి నాలుగు పంక్తులు తగిలిస్తే సరిపోతుంది. ఆటగాళ్లు పిచ్చిపిచ్చి ప్రయత్నాలు చేస్తూ పోయారు, రచయితలు వాటికి జవాబులు చేరుస్తూ పోయారు.

చీకట్లో మనుషుల్ని తినేసే గ్రూ కూడా ఆటగాళ్ల వల్లే వచ్చింది. మొదట్లో చీకట్లో నడిస్తే అగాధంలో పడి చచ్చేవాళ్లు. ఆటలో ఉన్న ఇంటి అటక మీద కూడా అంతులేని అగాధం ఏమిటని ఒకరికి అనుమానం వచ్చింది. ఆ దెబ్బకి అగాధాలు పూడ్చేసి, లెబ్లింగ్ గ్రూని వదిలాడు.

ఎంఐటీలో పీడీపీ-10 అనే కంప్యూటర్ మీద ఈ ఆట దాదాపు ఒక మెగాబైట్ తినేది. 1979లో ఇన్ఫోకామ్ కంపెనీ పెట్టి దీన్ని ఇళ్లలోకి తేవాలనుకుంటే, ఇంటి కంప్యూటర్లలో ఉన్నది 32, 48 కిలోబైట్లు. పైగా టీఆర్‌ఎస్-80కి రాసింది యాపిల్-2 మీద నడవదు. అప్పుడు జోయల్ బెరెజ్, మార్క్ బ్లాంక్ ఒక కంప్యూటర్‌ని కాగితం మీదే ఊహించారు. దాని పేరు జెడ్-మెషీన్. ఏ ఫ్యాక్టరీలోనూ తయారుకాని ఆ యంత్రం కోసం ఆట రాశారు. ఆ యంత్రంలా నటించే చిన్న ప్రోగ్రామ్ మాత్రం ఒక్కో రకం కంప్యూటర్‌కి ఒకటి రాశారు. ఆటని మూడు భాగాలు చేశారు. ఒక్కో దానిలో ఆడుతున్నప్పుడు మారని సమాచారాన్ని డిస్క్‌లోనే ఉంచి, కావలసినప్పుడు 512 బైట్ల ముక్కలుగా తెప్పించుకున్నారు. అక్షరానికి 8 బిట్లకి బదులు 5 బిట్లే ఇచ్చి, 16 బిట్లలో మూడు అక్షరాలు కుక్కారు. మిగిలిన ఒక్క బిట్‌నీ వృథా పోనివ్వలేదు, ఆ పాఠం ఇక్కడ అయిపోయిందని చెప్పడానికి వాడుకున్నారు. ఎంత పొదుపు!

తర్వాతి కథ అందరిదీ ఒకటే. బొమ్మల ఆటలొచ్చాయి. 1986లో ఇన్ఫోకామ్‌ని యాక్టివిజన్ కొనేసింది, 1989లో మూసేసింది. 1993లో గ్రాహమ్ నెల్సన్ ఇన్‌ఫామ్ అనే పనిముట్టు తయారుచేసి జెడ్-మెషీన్‌కి కొత్త ఆటలు రాసే వీలు కల్పించాడు. 2025 నవంబర్‌లో జోర్క్ మూడు భాగాల మూల కోడ్‌నీ మైక్రోసాఫ్ట్ అందరికీ వదిలింది. ట్రోల్ తిండి సంగతి ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

మా పాలిటెక్నిక్‌లో పిల్లలకి ఇదంతా చూపిస్తుంటే ఒకమ్మాయి, “సార్, తెలుగులో చెబితే దీనికి అర్థమవుతుందా?” అంది. అప్పట్నుంచీ తరగతిలో తెలుగు అర్థమయ్యే ప్రోగ్రామ్ రాయడమే పని. మొదట సంబరపడ్డాం. ఇంగ్లీషు వాక్యంలో చివర ఉండే కత్తిని జోర్క్ ముందు అడుగుతుంది, మనం ‘కత్తితో ట్రోల్‌ని కొట్టు’ అంటాం. ‘ట్రోల్‌కి గుడ్డు ఇవ్వు’ అంటాం. జోర్క్ అడిగే వరుస, మనం మాట్లాడే వరుస ఒకటే!

చిక్కులు ఆ తర్వాత ఎదురయ్యాయి. ఆరు అక్షరాల పద్ధతి మనకి పనికిరాదు. యూనికోడ్‌లో ‘పెట్టె’ అనే మాటకే ఆరు గుర్తులు పడతాయి. ‘పెట్టెలో’, ‘పెట్టెను’, ‘పెట్టెతో’ అన్నీ అక్కడే తెగిపోయి ఒకటైపోతాయి. ఇంగ్లీషు పారేసిన తోకలోనే మన విభక్తి ఉంది. తోక కోసి చూద్దామంటే ‘ఇల్లు’ కాస్తా ‘ఇంట్లో’ అవుతుంది, ‘గూడు’ ‘గూట్లో’ అవుతుంది. వాటికి రెండో రూపం విడిగా రాసిపెట్టాం. ‘దీపమార్పు’ అని కలిపి కొట్టేవాళ్ల కోసం సంధి విడదీసే నియమాలు చేర్చాం.

‘బల్ల మీద దీపం’ దగ్గర ఇంకా పెనుగులాడుతున్నాం. ‘బల్ల మీద దీపం పెట్టు’ అంటే బల్ల గమ్యం. ‘బల్ల మీద దీపం తీసుకో’ అంటే ఏ దీపమో చెప్పే గుర్తు. చివరి మాట వచ్చేదాకా ఏదో తేలదు. అందుకని మా ప్రోగ్రామ్ ఇప్పుడు వాక్యాన్ని చివరి నుంచి వెనక్కి చదువుతోంది.