ఫోను నీళ్ళల్లో పడిందా?

కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట నీళ్ళకు కొదవ లేదు. బందరు పక్కన సముద్రం. దివిసీమ చుట్టూ కృష్ణ పాయలు, ఉప్పుటేర్లు. గుడివాడ చుట్టూ కాలువలు, చేపల చెరువులు.

ఇక్కడి ఆడవాళ్ళ పని అంతా నీళ్ళతోనే. వరి నాట్లు వేస్తారు. రొయ్యలు ఒలుస్తారు. గిలకలదిండి రేవులో చేపలు ఎత్తుతారు. కాలువలో బట్టలు ఉతుకుతారు. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోను ఉంది. పనిలోకి వెళ్ళేటప్పుడు ఫోను రవికలోనో, నడుము దగ్గరో దోపుకుంటారు. వంగినప్పుడు అది జారుతుంది. మడిలో పడుతుంది.

ఫోను పోతే డబ్బులు ఒక్కటే పోవు. బ్యాంకు మెసేజీ ఆగిపోతుంది. సంఘం వాయిదా కబురు తెలియదు. దూరాన ఉన్న బిడ్డతో మాట ఉండదు. తుపాను కబురు కూడా అందదు.

కబురు విలువ

1977 నవంబరు 19న దివిసీమ మీద పెను తుపాను విరుచుకుపడింది. సముద్రం ఉప్పెనగా లేచి ఊళ్ళ మీదికి వచ్చింది. కనీసం పది వేలమంది చనిపోయారు. నాగాయలంక దగ్గరి సొర్లగొంది లాంటి ఊళ్ళు కొట్టుకుపోయాయి. ముప్పు ఎంత పెద్దదో వేళకు తెలియక ఇళ్ళల్లోనే ఉండిపోయినవారు ఎందరో.

ఇప్పుడు మచిలీపట్నంలో తుపానులను కనిపెట్టే రాడారు ఉంది. హెచ్చరిక ఫోనుకు మెసేజీగా వస్తుంది. రేడియోలో చెబుతారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. దానికి ముందే తీరంలో ఉన్నవారికి కబురు అందింది.

అందుకని వానల్లో, వరదల్లో ఫోనును, రేడియోను కాపాడుకోవాలి. తడిసినా కంగారు పడకూడదు. సరిగా చేస్తే చాలా ఫోన్లు మళ్ళీ పని చేస్తాయి.

నీళ్ళు ఫోనును ఎలా పాడు చేస్తాయి?

ఫోను లోపల ఒక చిన్న పలక ఉంటుంది. దాని మీద వెంట్రుక కన్నా సన్నని రాగి దారులు ఉంటాయి. బ్యాటరీలోని కరెంటు ఆ దారుల్లో పారుతుంది. కాలువలో నీరు పారినట్టే.

కాలువ గట్టుకు గండి పడితే ఏమవుతుంది? నీరు పోవలసిన చేనుకు పోదు. పోకూడని చేనులోకి పోతుంది. ఫోనులోకి నీళ్ళు వెళ్ళినా అంతే. ఒక దారిలోని కరెంటు పక్క దారిలోకి దూకుతుంది. లోపలి భాగాలు కాలిపోతాయి.

తడి మీద కరెంటు పారుతూ ఉంటే రాగిని తినేస్తుంది. పచ్చగా చిలుము పడుతుంది. కడగని ఇత్తడి చెంబుకు పట్టే చిలుము లాంటిదే ఇది. చెంబుకు చాలా రోజులకు పడుతుంది. కరెంటు ఉన్న ఫోనులో గంటల్లోనే మొదలవుతుంది.

గండి పడితే ముందు ఏం చేస్తారు? ఎగువన లాకులు దించుతారు. నీరు ఆపుతారు. తరువాతే గండి పూడుస్తారు. ఫోనుకూ అదే పద్ధతి. ముందు కరెంటు ఆపాలి. తరువాతే తడి ఆర్పాలి.

నీళ్ళు అన్నీ ఒకటి కాదు

వాన నీళ్ళు: వీటిలో ఉప్పు తక్కువ. వెంటనే ఆరబెడితే ఫోను బతికే అవకాశం ఎక్కువ.

వరద నీళ్ళు: 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగింది. విజయవాడ మునిగింది. ఆ నీరు గుడివాడ దగ్గరి నందివాడ మండలం ఊళ్ళకూ వచ్చింది. అప్పుడే కృష్ణకూ వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చింది. దివిసీమ లంకల్లోకి నీరు చేరింది. ఇలాంటి నీళ్ళల్లో బురద ఉంటుంది. ఆ బురద ఫోను సందుల్లో గడ్డ కడుతుంది.

ఉప్పు నీళ్ళు: సముద్రం నీళ్ళు, ఉప్పుటేరు నీళ్ళు, ఉప్పు నీటి రొయ్యల చెరువు నీళ్ళు. ఇవి అన్నిటికన్నా ప్రమాదం. ఉప్పు నీళ్ళల్లో కరెంటు తేలికగా పారుతుంది. నీళ్ళు ఆరినా ఉప్పు లోపలే ఉంటుంది. ఆ ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకుంటూ రాగిని తింటూనే ఉంటుంది. కొన్ని ఖరీదైన ఫోన్లు నీళ్ళకు తట్టుకుంటాయని చెబుతారు. ఆ పరీక్షలు మంచి నీళ్ళతో చేసినవి. ఉప్పు నీళ్ళకు ఆ మాట వర్తించదు.

వెంటనే చేయవలసిన పనులు

1. ముందు మీరు జాగ్రత్త. ఫోను ఛార్జింగులో ఉండగా తడిస్తే దాన్ని ముట్టుకోవద్దు. పొడి చేతులతో గోడ మీది స్విచ్చి ఆపండి. ఇంట్లో నీళ్ళు నిలిస్తే ప్లగ్గు దగ్గరికే వెళ్ళవద్దు. కరెంటు పనివాడి చేత మెయిను ఆపించండి.

2. ఫోనును నీళ్ళల్లోంచి తీయండి. వెలుగుతూ ఉంటే ఆపేయండి. ఆరిపోయి ఉంటే మళ్ళీ వెలిగించి చూడవద్దు. "పని చేస్తుందో లేదో ఒక్కసారి చూద్దాం" అని నొక్కినప్పుడే చాలా ఫోన్లు పోతాయి.

3. బటన్ ఫోను అయితే వెనక మూత తీయండి. బ్యాటరీ తీయండి. లాకులు దించడం అంటే ఇదే. టచ్ ఫోనుకు బ్యాటరీ లోపలే అతికి ఉంటుంది. దాన్ని చాకుతో, స్క్రూడ్రైవరుతో ఊడదీయవద్దు.

4. సిమ్ము తీయండి. మెమరీ కార్డు ఉంటే అదీ తీయండి. టచ్ ఫోనుకు సిమ్ము తీసే సన్నని పిన్ను ఇస్తారు. దాన్ని సిమ్ము పక్కనున్న రంధ్రంలోనే గుచ్చాలి. మాట వినిపించే రంధ్రంలో గుచ్చకూడదు.

5. పాత నూలు చీర ముక్కతో తుడవండి. గట్టిగా విదిలించవద్దు. నోటితో ఊదవద్దు. అలా చేస్తే నీళ్ళు ఇంకా లోపలికి పోతాయి.

6. ఛార్జరు పెట్టే రంధ్రం కిందికి ఉండేట్టు నిలబెట్టండి. నీడలో, ఫ్యాను గాలికి పెట్టండి. కరెంటు లేకపోతే గాలి ఆడే కిటికీ దగ్గర పెట్టండి. ఒక రోజు తప్పనిసరి. రెండు రోజులు అయితే మంచిది.

7. పొయ్యి దగ్గర, ఎర్రటి ఎండలో పెట్టవద్దు. వేడికి తెర పాడవుతుంది. బ్యాటరీ ఉబ్బుతుంది.

8. పూర్తిగా ఆరే వరకు ఛార్జింగు పెట్టవద్దు.

ఉప్పు నీళ్ళల్లో పడితే

టచ్ ఫోను అయితే ఆరబెడుతూ కూర్చోవద్దు. ఆపేసి, తుడిచి, ఆ రోజే రిపేరు షాపుకు తీసుకెళ్ళండి. బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో షాపులు ఉన్నాయి.

బటన్ ఫోను అయితే ముందు బ్యాటరీ, సిమ్ము తీసేయండి. తరువాత ఫోనును శుభ్రమైన మంచి నీళ్ళల్లో ఒకసారి ముంచి తీయండి. వింతగా అనిపిస్తుంది. కాని కరెంటు లేనప్పుడు మంచి నీళ్ళు అంత హాని చేయవు. ఉప్పును కడిగేస్తాయి. ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ దొరికితే ఇంకా మంచిది. యాసిడ్ మాత్రం పొరపాటున కూడా వాడవద్దు. కడిగాక ఆరబెట్టండి.

ఉప్పు నీళ్ళల్లో నానిన బ్యాటరీని మళ్ళీ వాడవద్దు. కొత్తది వేయించండి.

బియ్యం డబ్బాలో పెట్టవచ్చా?

"వదినా, ఫోను బియ్యంలో పెడితే నీళ్ళు పీల్చుకుంటాయంటగా?"

"అందరూ అదే అంటున్నారు. కాని బియ్యం కడిగినప్పుడు కుడితి తెల్లగా ఎందుకొస్తది?"

"బియ్యం మీద పిండి ఉంటది కాబట్టి."

"ఆ పిండే తడి ఫోను రంధ్రాల్లోకి పోద్ది. ముద్ద కడద్ది."

వదిన చెప్పింది నిజం. బియ్యం ఫోను లోపలి తడిని పెద్దగా లాగవు. ఫ్యాను గాలి వాటికన్నా బాగా ఆరబెడుతుంది. ఫోన్లు తయారు చేసే ఆపిల్ కంపెనీ కూడా 2024లో ఇదే చెప్పింది. ఫోనును బియ్యంలో పెట్టవద్దని తన ఖాతాదారులకు సలహా ఇచ్చింది.

రేడియో తడిస్తే

తుపాను వేళ కరెంటు పోతుంది. సెల్ టవరు ఆగిపోవచ్చు. అప్పుడు బ్యాటరీ రేడియో పనికి వస్తుంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1 నుంచి ఈ ప్రాంతానికి వార్తలు చెబుతూ ఉంది.

రేడియో తడిస్తే ముందు బ్యాటరీలు తీసేయండి. వెనక మూత తెరిచి గాలికి ఆరబెట్టండి. స్పీకరు లోపల కాగితం ఉంటుంది. కాబట్టి రేడియోను నీళ్ళల్లో ముంచి కడగవద్దు. బ్యాటరీలు పెట్టే చోట తుప్పు ఉంటే పొడి గుడ్డతో రుద్దండి. బాగా ఆరాక కొత్త బ్యాటరీలు వేయండి.

బ్యాటరీ ఉబ్బితే

తడిసిన ఫోను బ్యాటరీ కొన్నిసార్లు అప్పడంలా ఉబ్బుతుంది. వేడెక్కుతుంది. ఘాటు వాసన వస్తుంది. అది అంటుకోవచ్చు, పేలవచ్చు. దాన్ని నొక్కవద్దు, గుచ్చవద్దు, ఛార్జింగు పెట్టవద్దు. ఇంటి బయట, గడ్డికి, పిల్లలకు దూరంగా ఇసుక మీద పెట్టండి. చల్లారాక షాపువాళ్ళకు ఇవ్వండి. చెత్తలో వేయవద్దు.

షాపుకు వెళ్ళినప్పుడు

ఏ నీళ్ళల్లో పడిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఉప్పు నీళ్ళని తెలిస్తే పలకను ఎలా కడగాలో వాళ్ళు చూసుకుంటారు. ఖర్చు ఎంతో ముందే అడగండి. రసీదు తీసుకోండి. చదివి చూసుకోండి.

సిమ్ము మీ దగ్గరే ఉంచుకోండి. ఫోను పోయినా సిమ్ము అంత తేలికగా పోదు. తుడిచి, ఆరబెట్టి వేరే ఫోనులో వేస్తే మీ నంబరు మీకు వస్తుంది. బ్యాంకు మెసేజీలు వస్తాయి. ఓటీపీ నంబరు మాత్రం ఎవరు అడిగినా చెప్పవద్దు.

నీళ్ళు రాకముందే

తుపాను కబురు రాగానే ఫోను నిండా ఛార్జింగు పెట్టండి. చిరుగు లేని ప్లాస్టిక్ కవరులో పెట్టి, గాలి తీసి, మూతి గట్టిగా కట్టండి. దానిపైన ఇంకో కవరు వేయండి.

ఇంకో పని ఉంది. నంబర్లన్నీ ఫోనులోనే ఉంటే, ఫోను పోయిన రోజు ఒక్క నంబరూ గుర్తు రాదు. పునరావాస కేంద్రంలో పక్కవాళ్ళు ఫోను ఇచ్చినా ఎవరికి చేయాలో తెలియదు. కాబట్టి ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసుకోండి. పెన్సిలుతో రాయండి. సిరా నీళ్ళకు కరిగిపోవచ్చు. పెన్సిలు గీత కరగదు. ఆ కాగితం రేషను కార్డుతో పాటు కవరులో పెట్టండి.

ఫోను తడిస్తే షాపువాడు బాగు చేస్తాడు. మీ చేత్తో మీరు రాసుకున్న నంబరుకు షాపు అక్కర లేదు. కరెంటూ అక్కర లేదు.

చెప్పండి

1. తడిసిన ఫోనును వెంటనే ఎందుకు వెలిగించకూడదు?
2. వాన నీళ్ళకు, ఉప్పు నీళ్ళకు తేడా ఏమిటి?
3. ఫోనును బియ్యంలో పెడితే ఏమవుతుంది?

రాయండి

పెన్సిలు తీసుకోండి. ఒక కాగితం మీద ఈ నంబర్లు రాయండి.

నా నంబరు:
ఇంట్లోవాళ్ళ నంబరు:
సంఘం లీడరు నంబరు:
ఆశా కార్యకర్త నంబరు:
ఆపద వేళ పిలవవలసిన నంబరు: 112