కుక్కపిల్ల కనిపించిందల్లా కొరికేస్తోందా? కొట్టకండి.. కారం పూయకండి! అసలు కారణం ఇదీ..

గుమ్మం ముందు విప్పిన చెప్పుల్లో ఒకటి మాయం. వెతికితే మంచం కింద సగం ముక్క దొరుకుతుంది. కుక్కపిల్లను తెచ్చుకున్న ఇళ్లలో ఈ సీన్ కామనే. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అయితే లిస్టు ఇంకా పెద్దది. టౌన్‌లో సోఫా మూలలు, చార్జర్ వైర్లు.. బావి కాడ పెంచుకునే పిల్ల అయితే డ్రిప్ పైపులు, మోటర్ వైరు కూడా వదలదు. ఓపిక నశించి కొందరు కొడతారు. కొందరు రోజంతా కట్టేస్తారు. ఇంకొందరు రాత్రికి రాత్రి ఊరి బయట వదిలేసి వస్తారు. కానీ ఈ అలవాటుకు ఓ కారణం ఉంది, ఓ వయసూ ఉంది.

మొదటి కారణం పళ్లు. కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. నాలుగో నెల దగ్గర్నుంచి అవి ఊడటం మొదలై, ఆరేడు నెలలకు 42 శాశ్వత పళ్లు వస్తాయి. ఈ టైమ్‌లో చిగుళ్లు సలుపుతాయి. చంటిపిల్లలు పళ్లొచ్చేటప్పుడు చేతికందింది నోట్లో పెట్టుకున్నట్టే ఇదీ. నేల మీద బియ్యపు గింజంత పన్ను, కొరికిన గుడ్డ మీద కాస్త రక్తం కనిపిస్తే కంగారు అక్కర్లేదు. ఏడు నెలలు దాటినా పాత కోరపన్ను ఊడకుండా, పక్కనే కొత్తది వస్తే మాత్రం పశువైద్యుడికి చూపించాలి.

మరి ఏడాది నిండినా కొరుకుతుంటే? అది పళ్ల బాధ కాదు, బోర్. మన దగ్గర ఎండాకాలంలో ఇది ఎక్కువ. 45 డిగ్రీలు దాటే రోజుల్లో పగలు బయటకు తీసుకెళ్తే అరికాళ్లు కాలతాయి, ఇంట్లోనే ఉంచితే సోఫా పోతుంది! అందుకే వాకింగ్ తెల్లవారుజామున, మళ్లీ పొద్దుగూకాక పెట్టుకోవాలి. రోడ్డు మీద మీ అరచేయి వెనక భాగం ఐదారు సెకన్లు ఆనించలేకపోతే కుక్క కూడా నడవలేదని అర్థం. మధ్యాహ్నం పాత టవల్ మడతల్లో ఉడికిన గుడ్డు ముక్కలు దాచి వెతుక్కోమనండి. పావుగంట వాసన పడితే చాలు, పడుకుంటుంది.

ఇక కొట్టడం సంగతి. మధ్యాహ్నం కొరికిన చెప్పుకు సాయంత్రం దెబ్బలు తింటే, ఆ రెండింటికీ లింకు కుక్కకు తెలియదు. మీరు ఇంటికొస్తే దెబ్బలు పడతాయని మాత్రమే నేర్చుకుంటుంది. 'తప్పు చేశానని దానికి తెలుసు, మొహం చూడండి' అంటారు చాలామంది. అమెరికా శాస్త్రవేత్త అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో దీన్నే పరీక్షించారు. తప్పు చేసినా, చేయకపోయినా యజమాని తిట్టినప్పుడే కుక్కలు ఆ మొహం ఎక్కువగా పెట్టాయి. అంటే ఆ మొహం తప్పు ఒప్పుకోవడం కాదు, తిట్లకు స్పందన. చెప్పు కోసం వెంటపడ్డా లాభం లేదు. దానికి అదో ఆట.

ఫర్నిచర్‌కు కారం పూసే చిట్కా కూడా వద్దు. కళ్లు, ముక్కు మండటం తప్ప ఏమీ రాదు. పాత చెప్పు ఆడుకోవడానికి ఇచ్చారో.. కొత్త చెప్పూ దానిదే! పాతదేదో, కొత్తదేదో దానికి తేడా తెలియదు కదా.

మరేం చేయాలి? చెప్పులు పైన పెట్టండి, సగం గొడవ అక్కడే పోతుంది. నోట్లో ఉన్నది లాక్కోకుండా, దానికి నచ్చింది చూపించి వదలగానే ఇవ్వండి. తడిపి ముడేసిన కాటన్ గుడ్డను ఫ్రిజ్‌లో గట్టిపరిచి ఇస్తే చిగుళ్లకు హాయి. ముక్కలు మింగకుండా దగ్గరుండి చూడాలి. రబ్బరు బొమ్మ కొంటే గోరుతో నొక్కి చూడండి. అస్సలు నొక్కుకోకపోతే పళ్లు విరిగే ప్రమాదం ఉంది. ఆదివారం కూరలో మిగిలిన కోడి ఎముకలు మాత్రం వేయొద్దు. ఉడికిన ఎముక సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది.

అసలు భయపడాల్సింది చెప్పుల గురించి కాదు. మక్క బెండు, మామిడి టెంక మింగితే పేగులో అడ్డుపడి ఆపరేషన్ దాకా పోవచ్చు. పత్తి చేలున్న ఊళ్లలో ఖాళీ పురుగుమందు డబ్బా, ఎలుకల మందు ఇంకా డేంజర్. నోట్లో పెట్టుకుందని అనుమానం వస్తే ఉప్పు నీళ్లు, నూనె పోయకండి. ఆ డబ్బా లేదా ప్యాకెట్ వెంట తీసుకుని పశువుల ఆస్పత్రికి వెళ్లండి. వైరు కొరికి షాక్ కొడితే ముందు మెయిన్ ఆఫ్ చేయాలి, ఆ తర్వాతే కుక్కను ముట్టుకోవాలి. లేచి తిరిగినా డాక్టర్‌కు చూపించాల్సిందే. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం గంటల తర్వాత బయటపడుతుంది.

వదిలేద్దాం అనుకునేవాళ్లకు ఓ మాట. ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద నేరం. ఎక్కువసేపు గొలుసుతో కట్టేయడమూ అందులోనే ఉంది. చట్టంలో తొలిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. చెప్పుల జత ధర కూడా కాదు! కానీ ఇంట్లో పెరిగిన పిల్ల బయట బతకడం కష్టం. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో దాదాపు 20 వీధి కుక్కలను కాల్చి చంపిన ఘటన గుర్తుండే ఉంటుంది.

ఆటలో పంటి గాటు పడి రక్తం వస్తే 'మన కుక్కే కదా' అని వదిలేయొద్దు. పారే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించుకోవాలి. పిల్లకు మూడో నెలలో యాంటీ రేబిస్ టీకా వేయించి, డాక్టర్ చెప్పిన తేదీకి బూస్టర్ కూడా వేయించండి.