పొగ త్రాగేవాని హక్కు, ప్రక్కవాని ఊపిరి

సర్వ స్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక!



జనగామ బస్టాండులో బస్సు కోసం నిలబడినవారు, మహబూబాబాద్ స్టేషనులో రైలు కోసం ఎదురుచూసేవారు, భూపాలపల్లిలో షిఫ్టు ముగించుకొని చాయ్ దుకాణంలో కూర్చున్నవారు బీడీనో సిగరెట్టో వెలిగించడం మనం చూస్తూనే ఉంటాం. ఎవరైనా వద్దంటే వినబడే జవాబు ఒక్కటే: “నా డబ్బు, నా ఒళ్లు. మధ్యలో నీకేమిటి?” ఈ జవాబును కోపంతో కొట్టిపారేయకూడదు. మనిషికి తన సొంత విషయాల్లో స్వేచ్ఛ ఉన్నదన్న మాట నిజమే. ఆ స్వేచ్ఛకు హద్దు ఎక్కడ అన్నదే ఈనాటి ప్రశ్న.

చట్టం చెప్పేదేమిటి?

మన దేశ చట్టం పొగ త్రాగడాన్ని నేరంగా ప్రకటించలేదు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టంలోని 4వ సెక్షన్ బహిరంగ ప్రదేశాల్లో పొగ త్రాగడాన్ని మాత్రమే నిషేధించింది. 2008 అక్టోబరు 2 నుండి అమలులోకి వచ్చిన నియమాలు కార్యాలయాలు, హోటళ్లు, సినిమా హాళ్లతో పాటు బస్టాండ్లను, రైల్వే స్టేషన్లను కూడా దీని పరిధిలోకి తెచ్చాయి. ఉల్లంఘిస్తే రూ. 200 వరకు జరిమానా.

ఈ చట్టానికి ముందే న్యాయస్థానాలు దారి చూపాయి. బహిరంగ ధూమపానం రాజ్యాంగం 21వ అధికరణ ప్రసాదించిన జీవించే హక్కుకు భంగకరమని 1999లో కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. 2001 నవంబరు 2న మురళీ దేవరా కేసులో సుప్రీం కోర్టు ఆసుపత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, కోర్టులు, బస్సులు, రైళ్లు మొదలైన చోట్ల ధూమపానాన్ని దేశవ్యాప్తంగా నిషేధించింది. పొగ త్రాగని వ్యక్తి ఇతరుల పొగ వల్ల రోగాల పాలు కావలసిన అగత్యం ఏమిటన్నదే ఆ తీర్పు సారం.

దీనికి ముందున్న ఒక నియమాన్ని కూడా గమనించండి. 1989 నాటి రైల్వే చట్టం 167వ సెక్షన్ ప్రకారం, పెట్టెలోని తోటి ప్రయాణికుడు అభ్యంతరం చెబితే పొగ త్రాగరాదు. వినడానికి ఇది న్యాయంగానే ఉన్నది. కాని అభ్యంతరం చెప్పగలిగేవారెవరు? మేస్త్రీ చుట్ట కాలుస్తుంటే కూలీ వద్దనగలడా? పెద్దమనిషి ఎదుట చంటిబిడ్డ తల్లి నోరు విప్పగలదా? బలహీనుని మౌనం అంగీకారం కాదు. అందుకే 2008 నాటి నియమాలు ఎవరి అభ్యంతరంతోనూ నిమిత్తం లేకుండా నిషేధాన్ని అమలు చేశాయి. నోరులేని వాని తరఫున చట్టమే మాట్లాడింది.

పడవ, గని

హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ బుఖారీలో ఉన్నది. ఒక పడవలో కొందరికి పై అంతస్తు, కొందరికి క్రింది అంతస్తు లభించాయి. క్రిందివారు నీటి కోసం మాటిమాటికీ పైకి వెళ్లవలసి రావడంతో, తమ భాగంలోనే రంధ్రం చేసుకుందామనుకున్నారు. పైవారు వారిని వారించకపోతే అందరూ మునిగిపోతారు, వారిస్తే అందరూ బ్రతుకుతారు. క్రిందివారి ఉద్దేశం చెడ్డది కాదు. రంధ్రం చేయదలచిన చోటు కూడా వారిదే. అయినా లోపలికి వచ్చే నీరు వారి భాగం దగ్గరే ఆగిపోదు.

భూపాలపల్లి సోదరులకు ఈ మాట మరింత సులువుగా బోధపడుతుంది. సింగరేణి భూగర్భ గనిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోరాదు. నా స్వేచ్ఛను హరిస్తున్నారని అక్కడ ఏ కార్మికుడూ వాదించడు. ఒక్క నిప్పురవ్వ గనిలోని వాయువును అంటుకుంటే ప్రమాదం వెలిగించినవానితో ఆగదని అందరికీ తెలుసు. గనిలో మృత్యువు ఒక్క క్షణంలో వస్తుంది, బస్టాండులో ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. తేడా అంతే. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి. ఇతరుల పొగ పీల్చడం వల్లనే ప్రపంచంలో ఏటా 10 లక్షలకు పైగా మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వారిలో పసిబిడ్డలూ ఉన్నారు.

ధర్మ పండితుల చర్చ

పొగాకు ప్రవక్త (సఅసం) కాలం నాటిది కాదు. అక్బరు దర్బారుకు అది మన దక్కనులోని బీజాపూరు నుండే చేరింది. దాని విషయమై పండితులు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. డమాస్కస్ పండితుడు అబ్దుల్ ఘనీ నాబులుసీ వంటివారు అది ధర్మసమ్మతమే అన్నారు. మరికొందరు మక్రూహ్ అని, ఇంకొందరు హరామ్ అని తీర్పు చెప్పారు. దాని హాని వైద్యశాస్త్రం ద్వారా రుజువైన తరువాత నేటి పండితులలో ఎందరో హరామ్ అనే అంటున్నారు. పాలకులలో హద్దు మీరినవారూ లేకపోలేదు. ఉస్మానియా సుల్తాన్ నాలుగవ మురాద్ 1633లో పొగ త్రాగేవారికి మరణదండన విధించాడు. అది న్యాయం కాదు.

అయితే ఈ భేదాభిప్రాయమంతా త్రాగేవాని విషయంలోనే. ఇతరులకు హాని కలిగించరాదన్న సూత్రంలో ఎవరికీ భేదం లేదు. వెల్లుల్లి, ఉల్లి హలాల్ ఆహారాలే. అయినా వాటిని పచ్చిగా తిని ఆ వాసనతో మస్జిదుకు రావద్దని ప్రవక్త (సఅసం) వారించారు. కేవలం దుర్వాసనకే ఇంత పట్టింపు ఉంటే, రోగాన్ని మోసుకువచ్చే పొగ సంగతి ఏమిటి? దారిలో కూర్చోక తప్పనివారు దారికి దాని హక్కు ఇవ్వాలని, బాటసారులకు బాధ కలిగించకపోవడం అందులో ఒకటని కూడా ఆయన బోధించారు.

పేదవాని ప్రశ్న

ఇక్కడ ఒక న్యాయమైన ఫిర్యాదు ఉన్నది. 30 లేదా అంతకు మించి గదులున్న హోటళ్లలోనూ, విమానాశ్రయాలలోనూ పొగ త్రాగడానికి వేరే గది కేటాయించవచ్చునని నియమాలు చెబుతున్నాయి. ధనికునికి గది, బీడీ త్రాగే పేదవానికి జరిమానా! ఈ అసమానత నిజమే. కాని బస్టాండులో ఆ బీడీ పొగను పీల్చేది ధనికుడు కాదు. అతడు కారులో వెళ్లిపోయాడు. పీల్చేది మరో కూలీ, మరో కూలీ బిడ్డ. ఒక పేదవానికి జరిగిన అన్యాయాన్ని మరో పేదవాని ఊపిరితిత్తుల మీద తీర్చుకోవడం న్యాయం కాదు.

బీడీ త్రాగేవారినీ, ఎండాకాలం మన అడవుల్లో తునికాకు ఏరి పొట్ట పోసుకునేవారినీ చులకన చేయవద్దు. ఒక పల్లెటూరి అరబ్బు మస్జిదులోనే మూత్రవిసర్జన చేసినప్పుడు, సహచరులు మీదికి వెళ్లబోతే ప్రవక్త (సఅసం) ఆపి, నీళ్లు పోయించి, అతనికి మృదువుగా నచ్చజెప్పారు. మనం కూడా వద్దని చెప్పాలి. అలాగే చెప్పాలి.

గడప దగ్గర ఆగే చట్టం

చివరగా అతి ముఖ్యమైన మాట. ఈ చట్టం మన ఇంటి గడప దాటి రాదు. రాకూడదు కూడా, ఇతరుల గుట్టు వెదకడాన్ని ఖుర్ఆన్ (49:12) నిషేధించింది. కాని ఇంట్లో భార్య, పసిపిల్లలు, ఆయాసంతో బాధపడే వృద్ధ తల్లి ఉన్నారు. మౌనంగా పీల్చేవారిలో వారే అందరికన్నా నిస్సహాయులు. అక్కడ పోలీసు లేడు, జరిమానా లేదు. ఉన్నది అల్లాహ్ భయం ఒక్కటే.

అల్లాహ్ హక్కుల విషయంలో చేసిన పాపం తౌబాతో మన్నింపబడవచ్చు. దాసుల హక్కు (హుఖూఖుల్ ఇబాద్) మాత్రం ఆ దాసుడు క్షమించాలి. ప్రళయదినాన నమాజులు, ఉపవాసాలు, జకాత్‌లతో వచ్చి, బాధితులకు వాటి పుణ్యాన్ని పంచి ఇవ్వగా దివాలా తీసేవాని గురించి సహీహ్ ముస్లింలో ఉన్నది. బస్టాండులో మన పొగ పీల్చి వెళ్లిపోయిన అపరిచితుణ్ణి ఎక్కడ వెదికి క్షమాపణ కోరగలం? ఇంట్లోని వారినైతే ఈ రోజే అడగవచ్చు, ఈ రోజే బయటికి వెళ్లి ఆర్పవచ్చు. మానలేకపోతున్నవారు సిగ్గుపడకుండా వైద్యుని సహాయం తీసుకోండి. చికిత్స పొందడం కూడా ప్రవక్త (సఅసం) బోధించినదే.

అల్లాహ్ మన చేతుల నుండి, మన నాలుకల నుండి, మన శ్వాసల నుండి తోటివారిని సురక్షితంగా ఉంచుగాక! ఈ అలవాటుతో పోరాడుతున్న సోదరులకు స్థైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.