వేడెక్కే లాప్‌టాప్‌కు వేరే వైద్యం

మే నెలలో రాయపూర్ నగరంలో పగటి వేడి 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అటువంటి మధ్యాహ్నం బల్లమీది లాప్‌టాప్ ఫ్యాను ఎంత హోరెత్తినా అది పీల్చుకొనేది గదిలోని వేడిగాలినే. ఇంటెల్ ప్రాసెసర్లలో అనేకం 100 డిగ్రీల సమీపానికి చేరగానే తమ వేగాన్ని తామే తగ్గించుకొంటాయి. గది 25 డిగ్రీలకు బదులు 40 డిగ్రీలుంటే, పని మొదలుకాకముందే 15 డిగ్రీల వెసులుబాటు హరించుకుపోయినట్లే. దీనికి తోడు ధూళి. సిల్తరా, ఉర్లా పారిశ్రామిక వాడలలో స్పాంజ్ ఐరన్ కర్మాగారాలున్న ఊరు మరి!

ఈ బాధకు ఒక ఉపాయం ఉన్నది. దాని పేరు అండర్‌వోల్టింగ్. బలహీనమైన చిప్పు సైతం తడబడకూడదని తయారీదారులు అన్నింటికీ కొంత అదనపు వోల్టేజి కేటాయిస్తారు. ఆ అదనాన్ని కోసివేయడమే ఈ కిటుకు. ప్రాసెసర్ పనిలో ఖర్చయ్యే విద్యుత్తు వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది. కనుక వోల్టేజిని పదవవంతు తగ్గిస్తే, వేగం మారకుండానే ఆ ఖర్చు సుమారు 19 శాతం తగ్గుతుంది. వేడి కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఇందుకోసం సొమ్ము చెల్లించి సాఫ్ట్‌వేర్ కొన్నవారికి చిక్కు తరువాత వస్తుంది. ఇటువంటివాటి వెనుక తరచు ఉండేది ఒకే ఒక్క రచయిత. ఆపరేటింగ్ సిస్టం మారుతూ పోతుంది. ఆయన ఓపిక ఉడిగిపోతుంది. మాక్ యంత్రాల విషయంలో ఆపిల్ సంస్థ 2020లో సొంత చిప్పులకు మళ్ళింది. పాత ఇంటెల్ మాక్‌ల కోసం శ్రమించేవారు అరుదైపోయారు.

నిజానికి ఆ సాఫ్ట్‌వేర్ చేసేదల్లా ప్రాసెసర్‌లోని ఒక రిజిస్టరులో ఒక అంకె వ్రాయడమే. ఆ పని ఇతరులూ చేయగలరు. మాక్‌లకు వోల్టేజ్‌షిఫ్ట్, లినక్స్‌కు ఇంటెల్-అండర్‌వోల్ట్ ఉన్నాయి. రెండింటి మూలరచనా బహిరంగమే. ఒకరు వదలివేస్తే మరొకరు చేపట్టవచ్చు. అయితే వోల్టేజ్‌షిఫ్ట్ కోసం మాక్ రక్షణ ఏర్పాట్లను కొంత సడలించవలసి ఉంటుంది. విండోస్‌కు కెవిన్ గ్లిన్ రూపొందించిన థ్రాటిల్‌స్టాప్ ఉచితం. కాని ఉచితం వేరు, బహిరంగం వేరు. అదీ ఏకవ్యక్తి కృషియే.

అసలు తలుపుకే తాళం పడిన సందర్భాలూ ఉన్నాయి. 2019 డిసెంబరులో బర్మింగ్‌హామ్, గ్రాజ్, లూవెన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ‘ప్లండర్‌వోల్ట్’ దాడిని వెల్లడించారు. వోల్టేజిని తగ్గించి, ప్రాసెసర్ చేత తప్పులు చేయించి, దానిలోని రహస్యాలను రాబట్టవచ్చునని చూపారు. దరిమిలా అనేక లాప్‌టాప్‌లలో ఈ సదుపాయాన్ని బయాస్ నుంచే మూసివేశారు. అటువంటి యంత్రానికి ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా వృథాయే. మరొకటి కొనబోయే ముందు ఉచితమైనదానితో పరీక్షించడం మేలు.

తాళం పడిన యంత్రానికి మోటు వైద్యమే శరణ్యం. ఫ్యాను ధూళి దులపడం, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్పించడం. విండోస్ పవర్ అమరికలలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతానికి దించితే చాలా యంత్రాలలో టర్బో వేగం ఆగిపోతుంది. పని కొంత నెమ్మదిస్తుంది, వేడి మాత్రం గణనీయంగా దిగుతుంది.

తాళం లేనివారు పాత సాఫ్ట్‌వేర్‌ను తొలగించేలోగా దానిలోని అంకెను కాగితంపై వ్రాసుకోవాలి. ఆ 50 లేదా 80 మిల్లీవోల్టుల తగ్గింపు సాఫ్ట్‌వేర్ సొత్తు కాదు, ఆ చిప్పు స్వభావం. అంకె పోయిందా, మళ్ళీ కొద్దికొద్దిగా దించుతూ వెదకవలసిందే. హద్దు దాటితే యంత్రం బిగుసుకుపోతుంది. సాధారణంగా పూర్తిగా ఆర్పి మళ్ళీ వెలిగిస్తే కోలుకొంటుంది, ఆ తగ్గింపు తనంతట తాను అమలయ్యేలా ముందే అమర్చి ఉండకపోతే.