వేడినీటి ధార ఏల నిలువదు?



వేడినీటి కుళాయిలో ధార నిలకడగా రాకుండుటకు కారణములేవి, వానిని ఇంటివారే యెట్లు కనిపెట్టవచ్చును అనునది నేటి నా ప్రసంగ విషయము. ఇది పట్టణవాసులకు మాత్రమే చెందిన సంగతియని పల్లెలలోని పెద్దలు తలంపవలదు. 2016లో తెలంగాణమున మిషన్ భగీరథయు, 2019లో దేశమంతటను జలజీవన మిషనును ఆరంభమైన పిదప ఊరూర కుళాయినీరు ఇంటిముంగిటికి వచ్చినది. మేడమీద నీటితొట్టియు, స్నానపుగదిలో గీజరును గల యిండ్లు పల్లెలలోను పెరుగుచున్నవి. వానితోపాటు, “చన్నీరు బాగుగనే వచ్చుచున్నది, వేడినీరు మాత్రము ఒకపరి లావుగను ఒకపరి దారమువలెను వచ్చుచున్నది” అను మాటయు తరచుగా నా చెవిని బడుచున్నది.

ఇది విసుగు పుట్టించు లోపము మాత్రమే యైనచో దీనికై మీ కాలమును తీసికొనవలసిన పని లేదు. వెనుక మన యిండ్లలో పెరటిపొయ్యిమీద కాగులో నీరు కాచి, గంగాళములో చన్నీరు కలిపి, చేయి ముంచి చూచుకొని, ఆ పిమ్మట చెంబుతో పోసికొనెడివారము. ఆ చేయియే మనకు కావలి. ఇప్పుడు ఆ కలుపుపనిని మిక్సరు కుళాయి చేయుచున్నది. చన్నీటి ధార హఠాత్తుగా తగ్గినచో కాగిన నీరు అట్లే మీద పడును. 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల నీరు పెద్దవారి చర్మమును సుమారు 5 సెకండ్లలో లోతుగా కాల్చగలదు. 50 డిగ్రీల నీటికి ఆ పనికి కొన్ని నిమిషములు పట్టును. పసిపిల్లలకును వృద్ధులకును చర్మము పలుచన గనుక వారికి ఇంకను త్వరగా కాలును. మధుమేహముచే పాదములలో స్పర్శ తగ్గినవారికి కాలుచున్న సంగతియే తెలియకపోవచ్చును. కావున ధార యెగుడుదిగుడగుటను ఇంటిపెద్దలు తేలికగా తీసికొనరాదు.

మొదట గీజరు ఏమి చేయునో, ఏమి చేయదో తెలిసికొందము. ఆ పేరు ఐస్‌లాండు దేశములోని ఒక ఉష్ణగుండమునుండి వచ్చినది. అచట భూగర్భమునందలి వేడిచే నీరు ఆవిరియై, మీది నీటిని ఆకాశమునకు చిమ్మును. ఈ పేరునుబట్టి మన గోడమీది గీజరుకూడ నీటిని తన బలముతో నెట్టునని పలువురు భావింతురు. అది నిజము కాదు. నీటిని నిలువచేసి కాచు గీజరులో చన్నీరు అడుగుభాగమున ప్రవేశించును; కాగిన నీరు తేలికయై పైభాగమున నిలుచును. మనము కుళాయి విప్పగానే అడుగున జొచ్చిన చన్నీరే పైనున్న వేడినీటిని బయటికి నెట్టును. గీజరు ఇచ్చునది వేడి మాత్రమే, నెట్టుబలమంతయు చన్నీటిది. “వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు” అను మన సామెత ఇచట అక్షరాల నిజము. ఈ యొక్క సంగతి మనస్సున నాటుకొన్నచో తక్కిన పరీక్ష అంతయు సులభమగును.

చన్నీటికి ఆ బలమెక్కడిది? తొట్టియొక్క ఎత్తునుండి వచ్చినది. సుమారు 33 అడుగుల ఎత్తున నిలిచిన నీరు అడుగున ప్రతి చదరపు సెంటీమీటరుమీద రమారమి ఒక కిలోగ్రాము బరువుతో నొక్కును. మన యిండ్లలో మేడమీది తొట్టి స్నానపుగది కుళాయికి పది పన్నెండు అడుగుల ఎత్తున మాత్రమే యుండును. అనగా ఆ నొక్కుడు కిలోగ్రాములో మూడవవంతు మాత్రమే. తలమీది జల్లుకుళాయికి అంతకంటెను తక్కువ. తొట్టి ఎంత పెద్దదైనను లాభము లేదు. లెక్కకు వచ్చునది ఎత్తే. ఇటలీ దేశీయుడగు టోరిచెల్లి 1644లోనే ఈ సూత్రమును ప్రకటించెను: నీటిమట్టము ఎత్తు నాలుగింతలైనగాని రంధ్రమునుండి వెడలు ధారయొక్క వేగము రెండింతలు కాదు. ఇంత స్వల్పమైన బలముతో నడచు నీటికి దారిలో చిన్న అడ్డమైనను పెద్ద అడ్డమే. వేడినీటి దారి చన్నీటి దారికంటె పొడవు. వంపులు, వాల్వులు, గీజరు దాని నడుమ నుండును. అందుచేతనే లోపము ముందుగా వేడినీటియందు కనబడును.

ఇక పరీక్ష. పది లీటర్ల బాల్చి నొకదానిని, గడియారమును తీసికొనుడు. ఒకే కుళాయివద్ద మొదట చన్నీటితోను, పిదప వేడినీటితోను బాల్చి నిండుటకు ఎంతకాలము పట్టునో చూడుడు. ఇట్లే ఇంటిలోని ప్రతి వేడినీటి కుళాయివద్దను చూచి కాగితముపై వ్రాసికొనుడు. ఈ లెక్క మూడు తీరులలో నొకటిగా తేలును. చన్నీరును వేడినీరును రెండును తగ్గుచున్నచో లోపము తొట్టివద్ద గాని, మొదటి గొట్టములో గాని కలదు. వేడినీరు ఒక్క కుళాయియందే తగ్గినచో లోపము ఆ కుళాయిది. వేడినీరు అన్ని కుళాయిలయందును తగ్గి, చన్నీరు బాగుగనున్నచో లోపము గీజరువద్దనో, దాని ముందువెనుకల గొట్టములలోనో యున్నది.

మొదటి తీరును చూతము. వ్యవసాయదారులకు దీనిని విడమరచి చెప్పవలసిన పనిలేదు. ఎగువ రైతు తూమెత్తినప్పుడు దిగువ మడికి నీరు సన్నగిల్లును గదా! అట్లే వంటింటిలోనో, క్రింది వాటాలోనో ఒకరు కుళాయి విప్పినచో స్నానపుగదిలోని ధార పడిపోవును. అన్ని కుళాయిలకును ఒకే సన్నని గొట్టమునుండి నీరు పంచియుండుట దీనికి కారణము. స్నానపుగదికి తొట్టినుండి వేరుగా గొట్టము దింపుటయే దీనికి నికరమైన మందు. తొట్టిలో నీరు అడుగంటినప్పుడు గొట్టములోనికి గాలి జొరబడి ధార తుంపులు తుంపులుగా వచ్చును. తొట్టి అడుగున ఒండ్రు చేరినను ధార తగ్గును. కొందరు ధార పెంచుటకై చిన్న మోటారు పంపు పెట్టించుకొనుచున్నారు. అది క్షణమునకొకసారి ఆగుచు తిరుగుచు ఉన్నచో, దానికి జతచేసిన ఒత్తిడిబుడ్డిలో గాలి తగ్గినదని గాని, ఎక్కడనో నీరు కారుచున్నదని గాని గ్రహింపవలెను.

రెండవ తీరులో, అనగా లోపము ఒక్క కుళాయియందే యున్నప్పుడు, ఖర్చు మిక్కిలి స్వల్పము. గోడవద్ద కుళాయికి నీరు విడుచు చిన్న వాల్వు పూర్తిగా విప్పియున్నదో లేదో మొదట చూడవలెను. మరమ్మతు చేసినవాడు దానిని సగము మూసి మరచిపోవుట కలదు. పిదప కుళాయిమూతి జల్లెడను విప్పి చూడవలెను. గీజరులో నూడిన సున్నపుపొలుసులు, తుప్పురజను అందులో చిక్కుకొనును. దానిని ఒక రాత్రి పులిసిన వినిగరునందో నిమ్మరసమునందో నానబెట్టి, పాత పండ్లకుంచెతో తోమినచో శుభ్రపడును. మరయొక విశేషము గలదు. కుళాయి విప్పగానే ధార బాగుగ వచ్చి, నీరు వేడెక్కిన కొలది సన్నగిల్లుచున్నచో ఆ తిరుగుడు కుళాయిలోని రబ్బరు బిళ్లను అనుమానింపవలెను. పాతబడిన రబ్బరు వేడికి ఉబ్బి దారిని మూయును. ఆ బిళ్ల ఖరీదు కొద్ది రూపాయలు మాత్రమే.

నేనెరిగిన ఒక యింటివారు ఇట్లే ధార తగ్గినదని గీజరును మార్పించిరి. వేల రూపాయలు వెచ్చించినను ధార మారలేదు. పిదప మిక్సరు కుళాయిని విప్పగా, వేడినీటి వైపు జల్లెడ నిండ చింతగింజలంతేసి సున్నపుపెచ్చులు వెడలినవి. బాల్చి పరీక్ష ముందే చేసియుండినచో, వంటింటి కుళాయిలో వేడినీరు బాగుగ వచ్చుచున్న సంగతి తెలిసి, గీజరు నిర్దోషియని తేలియుండెడిది.

ఇప్పుడు మూడవ తీరు. బోరునీరు వాడు ఊళ్లలో దీనికి మొదటి కారణము నీటి కఠినతయే. పప్పు త్వరగా ఉడుకనిచోట, సబ్బు నురుగనిచోట ఈ కఠినత కలదని మన యాడువారెరుగుదురు. భారత ప్రమాణముల సంస్థ 2012లో సవరించిన త్రాగునీటి ప్రమాణము ననుసరించి, లీటరు నీటిలో మొత్తము కఠినత 200 మిల్లీగ్రాములకు మించరాదు. వేరొక నీరు దొరకనిచోట 600 వరకు ఒప్పుకొందురు. ఇట్టి నీటిలో కరగియున్న సున్నము, నీరు కాగినప్పుడు బొగ్గుపులుసు వాయువు వెడలిపోవుటచే మరల గట్టిపడి, కాచు కడ్డీకిని గొట్టపుమూతులకును అంటుకొనును. మన కాగులలో అడుగున పేరుకొనిన తెల్లనిపొర ఇదియే. నీరు 60 డిగ్రీలు దాటి కాగినకొలది ఈ పొర త్వరితముగ పెరుగును. గొట్టపు బెజ్జము సగమైనచో పారునీరు సగమగునని తలంపరాదు. అది అయిదవవంతునకు లోపే యగును. కాలువలో పూడికవలెనే దీనిని ఏటేట తీయించుకొనవలెను.

ఈ పొర కాక, గీజరుకు నీరు ప్రవేశించుచోట నుండు వెనుదిరుగనీయని వాల్వు బిగుసుకొనిపోయినను అన్ని కుళాయిలలోను వేడినీరు తగ్గును. మరియొక కారణము గాలి. నీటిలో కరగియున్న గాలి కాచినప్పుడు బుడగలై వెడలును. వేడినీటి గొట్టము నడుమ ఒంటెమూపువలె లేచియున్నచో ఆ గాలి మూపులో చిక్కుకొని నీటిని ఆపును; అప్పుడు ధార ఉమ్మినట్లు, దగ్గినట్లు వచ్చును. గీజరును ఆపి, ఇంటిలో అన్నిటికంటె క్రిందనున్న వేడినీటి కుళాయిని పూర్తిగా విప్పి కొంతసేపు పారనిచ్చినచో చాలసార్లు గాలి వెడలిపోవును. మాటిమాటికి ఇట్లే జరుగుచున్నచో గొట్టమును మూపు లేకుండ మరల వేయింపవలెను. ఆ గొట్టము వేడినీటికి తగినదియేనా యని కూడ చూడవలెను. మామూలు పీవీసీ గొట్టము వేడికి మెత్తబడి జారును. వేడినీటికి సీపీవీసీ గొట్టము వాడవలెను.

ధారయే గాక వేడికూడ మారుచున్నచో మరియొక సంగతి విచారింపవలెను. మిక్సరు కుళాయి చక్కగా కలుపవలెనన్న రెండువైపులను బలము సమానముగ నుండవలెను. పంపును చన్నీటికి మాత్రము తగిలించి, గీజరును పాత గొట్టమునకే విడిచినచో, బలముగల చన్నీరు మిక్సరులోనుండి వేడినీటి గొట్టములోనికే త్రోసికొనిపోవును. అప్పుడు వేడినీరు రాదు. పంపు ఆగిన క్షణమున ఒక్కసారిగా మీద పడును. ఇదియే అన్నిటికంటె అపాయకరము. రెండు గొట్టములకును ఒకేచోటనుండి నీరు తెచ్చుట దీనికి మార్గము.

కడపట నాలుగు జాగ్రత్తలు. గీజరు వేడిని 50 డిగ్రీల చెంత నిలుపుడు. నీరు నిలువయుండు పాత్రలో సూక్ష్మజీవులు పెరుగకుండ అప్పుడప్పుడు 60 డిగ్రీల వరకు కాగనిచ్చి, ఆ దినమున మాత్రము మరింత మెలకువతో నుండుడు. బాల్చిలో ముందు చన్నీరును, తరువాత వేడినీటిని పట్టి, చేయిపెట్టి చూచిన పిమ్మటనే పిల్లలకు పోయుడు. గీజరు ప్రక్కనుండు రక్షణ వాల్వునుండి నీరు చుక్కలుగా కారుచున్నదని దానికి మేకుగాని పుల్లగాని బిగింపవలదు. 15 లీటర్ల నీరు 25 డిగ్రీలనుండి 60 వరకు కాగినచో సుమారు 200 మిల్లీలీటర్లు పెరుగును. ఆ పెరిగిన నీటికి అదియే దారి. దారి మూసినచో పాత్రయే పగులవచ్చును. గీజరును విప్పవలసివచ్చినచో మెయిన్ స్విచ్చిని ఆపి, నీరు చల్లారిన పిదప, పని తెలిసినవానిచేతనే విప్పింపుడు. దానికి భూమితీగె సరిగా నున్నదో లేదో ఆనాడే చూపించుకొనుడు.

పనివానిని పిలుచుటకు ముందు బాల్చి లెక్క వ్రాసిన కాగితమును సిద్ధముగ నుంచుకొనుడు. ఏ కుళాయిలో ఎంత, ఏ వేళ తగ్గినది, అప్పుడు మరియే కుళాయి విప్పియున్నది అను మూడు సంగతులు అందులోనున్నచో అతడు నేరుగా లోపమున్నచోటికే పోగలడు. మీకును అక్కరలేని ఖర్చు తప్పును. చలికాలము రాకముందే, ఇంట వృద్ధులును పసివారును ఉన్నవారు ముఖ్యముగా, ఒక ఉదయమున ఈ పరీక్ష చేసికొందురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.