సైకిల్ దారికి కాగితం పటమా, ఫోనా?

కారులో పోయేవాళ్లకు దారంటే దూరం, గంటలు. సైకిల్ తొక్కేవాళ్లకు ఆ రెండూ తర్వాతి లెక్కలు. ఎక్కుడు ఎంత, అది దారి మొదట్లో ఉందా చివర్లో ఉందా, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, పొద్దుగూకేసరికి ఏ ఊరు చేరతాం? ముందు తేలాల్సినవి ఇవి. ఫోన్‌లో ఊరి పేరు కొడితే వచ్చే నీలం గీతకు వీటితో పెద్దగా పని లేదు. అది తొందరగా చేర్చే దారిని వెతుకుతుంది, అదీ ఇంజను ఉన్న బండికి. మనదేశంలో 2017 చివర్లో గూగుల్ తెచ్చిన టూవీలర్ సౌకర్యం కూడా మోటారు సైకిళ్ల కోసమే. కారు గుర్తు మీద దారి అడిగితే గచ్చిబౌలి నుంచి నేరుగా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించవచ్చు. ఆ ప్రధాన రహదారి మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. మనకు దిక్కు సర్వీసు రోడ్డే.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం ప్రయాణమే తీసుకుందాం. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. మన్ననూరు దాటాక నల్లమల మొదలవుతుంది. అక్కడి నుంచి దారి తప్పడానికి పెద్దగా అవకాశం లేదు, ఉన్నది ఒకటే రోడ్డు. తెలియాల్సిందల్లా ఆ రోడ్డు ఎలా లేస్తుంది, ఎలా పడుతుంది అన్నదే.

ఇక్కడ కాగితం పటానికి సాటి లేదు. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో సైకిలిస్టుకు పనికొచ్చేది 1:50,000 స్కేలుది. అందులో రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. కొండల మీద గోధుమ రంగులో వంకరటింకరగా తిరిగే గీతలు బడిలో చదువుకున్న కాంటూర్లే. ఒక గీత పొడవునా నేల ఎత్తు ఒకటే. పక్కపక్క గీతల మధ్య తేడా ఎంతో షీటు అడుగున రాసి ఉంటుంది, చాలా షీట్లలో అది 20 మీటర్లు. ఇక లెక్క తేలిక. రోడ్డు వెంట రెండు సెంటీమీటర్ల మేర మూడు గీతలు వరసగా దాటితే కిలోమీటరుకు 60 మీటర్ల ఎక్కుడు, అంటే ఆరు శాతం. సామాను కట్టుకున్న సైకిలుకు అది చిన్న గేరు వేసి, మాటలు ఆపి తొక్కాల్సిన చోటు. ఒకటే గీత దాటితే మాట్లాడుకుంటూ పోవచ్చు.

ఈ కళ్లతో చూస్తే శ్రీశైలం దారి అసలు సంగతి బయటపడుతుంది. దోమలపెంట, ఈగలపెంట దాటాక గీతలు ఒకదానిమీదొకటి పడ్డట్టు దగ్గరవుతాయి. జలాశయం నిండు మట్టం 885 అడుగులు, సుమారు 270 మీటర్లు. రోడ్డు అంతకంటే కిందికి దిగి, డ్యాం దిగువన వంతెన మీద కృష్ణను దాటి, మళ్లీ సుమారు 400 మీటర్ల ఎత్తున ఉన్న క్షేత్రానికి ఎక్కుతుంది. అంటే రోజంతా తొక్కి అలసిన కాళ్లకు గట్టి పరీక్ష చిట్టచివర్లోనే ఉంది. మొత్తం దూరం, మొత్తం ఎక్కుడు అనే రెండంకెలు ఈ ముక్క చెప్పవు.

యాప్‌లు కూడా ఎత్తుల గ్రాఫు చూపిస్తాయి కదా అంటారు. చూపిస్తాయి, పనికొస్తుంది కూడా. అయితే వాటిలో చాలావాటికి ఆధారం 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ రాడార్‌తో తీసిన కొలతలు. సుమారు 30 మీటర్ల గడికి ఒక ఎత్తు. చెట్లు దట్టంగా ఉన్నచోట రాడార్ నేలదాకా సరిగా దిగదు. కొండ చరియను తొలిచి వేసిన ఘాట్ రోడ్డు మీద గీత కాస్త పక్కకు జరిగినా లోయ ఎత్తో శిఖరం ఎత్తో వచ్చి పడుతుంది. ఈ దొంగ ఎత్తుపల్లాలన్నీ కూడితే, ఒకే రోడ్డుకు ఒక్కో యాప్ ఒక్కో లెక్క చెబుతుంది.

ఇంకో అపోహ కూడా పోవాలి. అడవిలో సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు. ఉపగ్రహాలు పంపే సంకేతాలను ఫోన్ విని లెక్క వేసుకుంటుంది, అంతే. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే చాలు, సిమ్ కూడా అక్కర్లేదు. సిగ్నల్ పోతే అందనిది పటం. దాన్ని ముందే ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకుంటే ఆ చిక్కు ఉండదు. అసలు శత్రువు బ్యాటరీ. ఎండలో తెర వెలుతురు పెంచి పెట్టుకుంటే ఏ ఫోనూ రోజంతా నిలవదు.

కోనసీమకు పోతే లెక్క తారుమారు. అక్కడ కాంటూర్లతో పని లేదు, నేలంతా చదునే. కాలవ గట్లు, లంకలు, కొబ్బరితోటల మధ్య సందులు, అడుగడుగునా మలుపులు. సర్వే ఎప్పటిదో అయిన షీటులో కొత్త వంతెన ఉండదు, బైపాసూ ఉండదు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ మీద నడిచే యాప్‌లో స్థానికులు ఎక్కించిన గట్టు దారులు కూడా దొరకవచ్చు. ఇక్కడ ఫోనే మేలు, అనుమానం లేదు. అయితే సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి గీత గోదావరి మీదుగా పోతే అది వంతెన కాదు, పంటు, అంటే మనుషుల్నీ బండ్లనూ రేవు దాటించే పడవ. వరదొస్తే పంటు ఆగుతుంది, చించినాడ వంతెన దాకా చుట్టు తిరగాలి.

రెండు వందల కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాల్సిన బ్రెవే అనే సుదూర సైకిల్ సవారీల్లో పాతకాపులు హ్యాండిలుకు జీపీఎస్ బిగించి కూడా, మలుపుల జాబితా రాసిన కాగితం జేబులో పెట్టుకుంటారు. చాదస్తం అనిపిస్తుంది గానీ, ఫోన్ తడిసినరోజు అదే గట్టెక్కిస్తుంది.

నా తీర్పు ఇది: దారి ఎంచుకోవడానికి కాగితం, ఎంచుకున్న దారిలో మలుపు తప్పకుండా ఉండటానికి ఫోన్. టోపోషీట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు. సర్వే ఆఫ్ ఇండియా 2017లోనే వాటిని ఆన్‌లైన్‌లో ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునే వీలు కల్పించింది. మీ దారి పడే షీట్లు ప్రింట్ తీసుకుని, రోడ్డు వెంట పెన్సిల్‌తో గీతలు లెక్కపెట్టండి. తర్వాత ఆ దారినే యాప్‌లో గీసుకోండి. ఇక శ్రీశైలం దారిలో మన్ననూరు అటవీ చెక్‌పోస్టు గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. అది టోపోషీటులో ఉండదు, బయల్దేరే ముందు వేళలు అక్కడివాళ్లను అడిగి తెలుసుకోండి.